ఆముదం గొట్టాలు

మా ఆడబిడ్డ ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే నాకు విసుగు పుట్టుకొస్తుంది. డాక్టరు చదువు అంటే సూది మందు వేసే డాక్టరు అనుకుంటారు. కాదు, ఇది వేరే డాక్టరు అంటే మరి ఎవరికి వైద్యం చేస్తుందని అడుగుతారు. ఎవరికీ చెయ్యదు, ఆముదం కాల్చి గొట్టాలు చేస్తుంది అని చెప్తే, నేను వాళ్లను ఆట పట్టిస్తున్నానని మొహం తిప్పుకుంటారు. ఇన్నేళ్లలో ఈ ముక్క విని సరేనన్న మనిషి మా వీధిలో ఒక్కరు లేరు.

నేను చదివింది ఐదో తరగతి. పెళ్లయి ఈ ఇంటికి వచ్చేనాటికి ఆమె రెండు జడలేసుకుని బడికి పోయే పిల్ల. ఆ జడలకు ఆముదం పెట్టి దువ్వింది నేనే. పొయ్యి పక్కన కూర్చుని పాఠాలు గట్టిగా చదివేది. నేను రొట్టె కాలుస్తూ వినేదాన్ని. ఆమె పరీక్ష రాసి మరిచిపోయేది, నాకు మాత్రం ఇప్పటికీ గుర్తుంటాయి. గుర్తుండడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అందుకే ఈ ఆముదం సంగతి కూడా మొదట్నించి చివరిదాకా చెప్పగలను. చెప్పుకుంటే కొంచెం కడుపు చల్లబడుతుందేమోనని రాస్తున్నాను.

మా ఊరు విడవలూరికీ సముద్రానికీ మధ్యలో ఉంటుంది. మాకు కాస్త మడి ఉంది, గట్ల మీద ఆముదం చెట్లు ఉన్నాయి. మా ఇంటాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా పని చూస్తాడు. మా అత్త పెద్దదైపోయింది గానీ పొయ్యి మాత్రం ఎవరికీ వదలదు. ఆడబిడ్డ వారమంతా టౌనుకు అవతల ఉన్న యూనివర్సిటీ హాస్టల్లో ఉంటుంది. శనివారం వస్తుంది, సోమవారం తెల్లారగానే ఆటో ఎక్కుతుంది.

ఆమె చేసే పని ఏమిటో నేను ఒకసారి అక్కడికే పోయి చూశాను. ల్యాబు అంటే ఏదో అనుకున్నాను. రేకుల బల్ల మీద పడుకోబెట్టిన పీపాలాంటి కొలిమి ఒకటి ఉంది. దాని కడుపులోంచి ఈ పక్కనుంచి ఆ పక్కకు గాజులాంటి గొట్టం దూరి ఉంది. ఒక చివర గ్యాసు సిలిండరు, రెండో చివర బుడగలు వచ్చే నీళ్ల సీసా. గొట్టంలోకి నూనె సన్నటి తుంపరగా పోతుంది. లోపల ఇటుక బట్టీలా ఎర్రగా ఉంటుంది. గాలి తగలనివ్వరు కాబట్టి నూనె మండదు, ఆ వేడికి విడిపోతుంది. అంతా చల్లారాక గొట్టం బయటికి తీసి లోపల అంటుకున్న మసిని గీకుతుంది. అంత పెద్ద తతంగానికి వచ్చేది చెంచాడు మసి.

నేను చూసి, ఇది కాటుకే గదా అన్నాను. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టేది. తెల్లారేసరికి పళ్లెం నిండా మసి ఉండేది. దాన్ని గీకి నెయ్యితో రంగరించేది.

"కాటుకే వదినా," అంది ఆమె నవ్వుతూ. "కాకపోతే నా కాటుకకు కరెంటు ఎక్కువ కాల్తాది."

ఆ మసిలో ఏముందో తరవాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. తల వెంట్రుకను నిలువునా చీల్చి, చీల్చినదాన్ని మళ్లీ చీల్చి, కంటికి ఆననంత పోగులు చేస్తే ఒక పోగు ఎంత సన్నంగా ఉంటుందో అంత సన్నటి గొట్టాలంట. లోపల బోలు. కట్టింది మాత్రం ఉత్త బొగ్గుతో. కార్బన్ నానోట్యూబులు అంటారు. ఉక్కుకంటే గట్టివంట. బ్యాటరీల్లో వేస్తారంట, నీళ్లు వడగట్టడానికి పనికొస్తాయంట. ఎక్కువమంది భూమిలోంచి తీసే గ్యాసుతో చేస్తారు. గట్టు మీద మొలిచే చెట్టుతో చెయ్యాలని ఈమె పట్టు.

ఇందులో ఒక మెలిక ఉంది. అది తెలియకపోతే నా ఏడుపు ఎవరికీ అర్థం కాదు. ఊరికే నూనె కాలిస్తే గొట్టాలు రావు, గుండ్రటి మసి ఉండలు వస్తాయి. గొట్టం మొలవాలంటే దానికొక విత్తనం కావాలి. ఆ విత్తనం ఇనుము. కంటికి కనపడనంత ఇనుము నలుసు ఉంటే దాన్ని పట్టుకుని గొట్టం లేస్తుంది. అందరూ నూనెలో ఇనుము ఉన్న పొడి ఒకటి కలిపి చేస్తారు. తరవాత ఆ ఇనుమును వదిలించుకోవడానికి యాసిడ్లతో కడుక్కుంటూ చస్తారు. లోహమే లేకుండా, చెట్టు సరుకుతో మాత్రమే గొట్టాలు తేవాలన్నది ఈమె మొక్కుకున్న మొక్కు. అది చేసినవాళ్లు లేరని కాదు గానీ, ఇంత తేలిగ్గా ఉత్త నూనెతో చేసినవాళ్లు లేరని వాళ్ల గైడు సారు అన్నాడంట.

మొదట అంగడి ఆముదంతో చేసింది. ఉండలు. కొబ్బరి నూనెతో చేసింది. ఉండలు. వేపనూనెతో చేస్తే ఉండలూ కంపూ. మసిని పొట్లం కట్టి మద్రాసు పంపాలి. గొట్టాలు చూసే పెద్ద మైక్రోస్కోపు అక్కడ ఉంది, దానికి వరస ఉంటుంది. మన వంతు వచ్చేదాకా కాచుకోవాలి. వంతు వచ్చిననాడు ఫోటో వస్తుంది, ఫోటోలో రాగిపిండి ఉండల్లాంటివి ఉంటాయి. ఆమె మొహం చూసి ఆ రాత్రి ఇంట్లో ఎవరూ టీవీ పెట్టేవాళ్లం కాదు.

ఒక వారం ఇంటి నుంచి పోతూ తలకు పెట్టుకోవడానికని అత్త కాచిన ఆముదం ఒక సీసాలో పోసుకుని పోయింది. ల్యాబులో అంగడి నూనె అయిపోతే, ఇదీ ఆముదమే గదా అని అందులోంచి కొంచెం పోసి కాల్చింది. మసి మద్రాసు పోయింది. వంతు వచ్చింది. ఆ రోజు నేను రొయ్యల గుంట దగ్గరికి మా ఆయనకు క్యారేజీ తీసుకుపోతున్నాను. ఫోను మోగింది. ఎత్తితే అవతల ఏడుపు. ఎవరికేమయిందో అనుకున్నాను. ఏమయిందే అని అరిస్తే, "వచ్చినాయి వదినా," అంది.

ఫోటో పంపింది. తుఫాను పోయిన మర్నాడు మైపాడు ఒడ్డున చిక్కుపడి పడున్న వలలు చూశారా, అట్లా ఉంది. పోగు మీద పోగు. ఒక్క ఉండ లేదు. మా ఆయన ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, దీంట్లో రొయ్యలు పడతాయా అన్నాడు. ఆమెకు ఆ మాట చెప్తే ఫోనులోనే పడీపడీ నవ్వింది. ఆమె అట్లా నవ్వగా విని చాలా కాలమయింది.

గైడు సారు ముందు నమ్మలేదు. నూనెలో ఏమైనా కలిసిందా అని ఫోను చేయించి, అందరికీ వినపడేలా పెట్టించి మా అత్తనే అడిగాడు. ఎంతో మర్యాదగా అడిగాడు. అత్తకు మాత్రం పౌరుషం వచ్చింది. "నీళ్లు పోసి కాచినాం నాయనా. ఇంకేం కలపలా. కల్తీ చేసే ఇల్లు కాదు మాది," అంది. ఆయన నొచ్చుకుని, అట్లా కాదమ్మా అని ఏదో సర్దిచెప్పుకున్నాడు. ఫోను పెట్టేశాక కూడా అత్త సాయంత్రం దాకా గొణుగుతూనే ఉంది.

ఆ మసిలో ఇనుము ఛాయ కొంచెం కనపడిందంట. ఆ కొలిమి గొట్టంలో ముందు వేరే పిల్లలు ఇనుప పొడితో పని చేసి ఉన్నారు, దాని మురికి అయి ఉంటుందిలే అనుకున్నారు. సారు ఎక్కడో పెద్ద మీటింగులో ఈమె చేత మాట్లాడించాడు. లోహం లేకుండా చెట్టు నూనెతో గొట్టాలు అని చెప్తే లేచి చప్పట్లు కొట్టారంట. చేసిందంతా పేపరుగా రాసి సైన్సు పత్రికకు పంపారు. పేపరు చూసేవాళ్లు వెనక్కి రాశారు. బాగుంది, కానీ ఆ ఇనుము ఛాయ సంగతేమిటి, కొలిమిలో కొత్త గొట్టం పెట్టి మళ్లీ చేసి చూపించండి అన్నారు. న్యాయమైన మాటే. కొత్త గొట్టం తెప్పించారు. ఇక ఆముదం ఒక్కటే కావాలి.

అక్కడ మొదలైంది మా ఇంటికి పట్టిన గ్రహం.

జాడీలో నూనె అప్పటికే అయిపోయింది. కొత్తగా కాచాలి. ఆముదం కాచడమంటే కాఫీ కాచడం కాదు. గింజలు దోరగా వేయించాలి. మాడితే నూనె నల్లబడుతుంది. రుబ్బురోట్లో మెత్తగా రుబ్బాలి, భుజాలు పడిపోతాయి. మట్టికుండలో నీళ్లు మరగబెట్టి ఆ ముద్ద వేసి తిప్పుతూ ఉండాలి. నూనె మెల్లగా పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తేర్చి, వేరే గిన్నెలో మళ్లీ సన్న సెగ మీద పెట్టాలి. చిటపటలు ఆగితే నీరు ఇగిరినట్టు. అప్పుడు చల్లార్చి జాడీలో పోసుకోవాలి. ఇంత చేస్తే వచ్చేది రెండు సీసాలు. ఇల్లంతా ఆ వాసన నాలుగు రోజులు ఉంటుంది.

రుబ్బింది నేను, కాచింది అత్త, పక్కన నిలబడి చూసింది ఆమె. కొత్త గొట్టంలో కాల్చింది. మద్రాసు పంపింది. కాచుకున్నాం. ఉండలు.

కొత్త గొట్టం వల్లనేమో అని పాత గొట్టంలో కాల్చింది. ఉండలే. అప్పుడు అందరి అనుమానం నూనె మీదికి మళ్లింది. గింజలు ఎక్కువ వేగాయేమో అంది. మళ్లీ రుబ్బాను. తక్కువ వేగాయేమో అంది. మళ్లీ రుబ్బాను. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి గదా, అంతకుముందు ఏ నీళ్లు పోశారు అంది. కాలవ నీళ్లో, బోరు నీళ్లో, మనిషికి గుర్తుంటుందా? నాకు గుర్తుంది, బోరు నీళ్లే. అయినా రెండూ చేశాం. పాత కుండ కావాలంది, పాత కుండ పగిలిపోయి ఏడాదయిందని చెప్తే పెంకులన్నా ఉన్నాయేమో చూడమంది. నేను పెంటదిబ్బ తిరగేసి పెంకులు ఏరిచ్చాను. అవి ఏ కుండవో దేవుడికెరుక.

ఒకసారి అక్కడ కరెంటు పోయి కొలిమి మధ్యలో చల్లారింది. ఒకసారి సిలిండరు అయిపోయింది, కొత్తది రావడానికి నెల పట్టింది. ఒకసారి మద్రాసులో మిషను చెడిపోయింది. ప్రతిదానికీ ఇంట్లో తిండి తినకుండా పడుకునేది. అన్నం పెడితే కంచం తోసేది. నాకూ ఒళ్లు మండేది.

"ఈసారి ఏం నీళ్లు పోయాలో ముందే చెప్పు," అన్నాను ఒకనాడు. "మేకపాలు పోయమంటే అవి కూడా పోస్తా. నా భుజాలు ఎట్టాగూ పొయినాయి."

"నీకు ఎగతాళిగా ఉండాది వదినా."

"ఎగతాళి కాదు పాపా. రుబ్బేది నేను గదా, నేను కూడా పీహెచ్‌డీ చేస్తుండానని మీ సారుకు చెప్పు."

నవ్వుతుందనుకున్నాను. లేచి లోపలికి పోయింది. చదువుకు ఇచ్చిన గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. రెండోసారి పొడిగించి, ఇదే ఆఖరు అని చెప్పారంట. ఆ సంగతి నాకు తరవాత మా ఆయన చెప్పాడు. ఆ గడువులోపల ఈ గొట్టాలు మళ్లీ రాకపోతే పేపరూ లేదు, ఆమె రాసివ్వాల్సిన పుస్తకంలో ముఖ్యమైన అధ్యాయమూ లేదు, పట్టా సంగతి ఆ పైవాడికెరుక. తెలిసి ఉంటే ఆ మేకపాల మాట అనేదాన్ని కాదు. తెలిశాక నా కోపం అంతా ఎటు పోవాలో తెలియక ఆముదం మీదికి పోయింది. గట్టు మీద ఆ చెట్లు కనపడితే కొడవలి పెట్టాలనిపించేది.

ఇట్లా ఉండగా వెనక వీధిలో మా పెద్దమామ మనవరాలికి బిడ్డ పుట్టింది. పసిబిడ్డ మాడుకు పెట్టడానికి ఆముదం కాచి ఇవ్వడం మా అత్త ఈ ఊరికి చేసే సేవ. ఎవరింట్లో కాన్పయినా కబురు ముందు మా ఇంటికే వస్తుంది. ఆ శనివారం ఆడబిడ్డ ఇంట్లోనే ఉంది. వసారా మెట్టు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని పొయ్యి వైపు చూస్తోంది. ఆముదం కాగే వాసన ఆమెకు అప్పటికి పడడం మానేసింది, అయినా లేచి పోలేదు.

కుండలో నీళ్లు మరిగాయి. ముద్ద వేశాను. అప్పుడు అత్త చూరులో చెయ్యి పెట్టి తడిమి, వేలెడంత మేకు ఒకటి తీసి, నీళ్లతో కడిగి కుండలో వేసింది. నాకు అది వింత కాదు, అందుకే ఇన్నాళ్లూ దాని మీద ధ్యాస పోలేదు; ఆమె పొయ్యి పక్కన కూర్చున్నా కళ్లు ఎప్పుడూ పుస్తకంలోనే ఉండేవి. నా పెళ్లయినప్పట్నించీ చూస్తున్నాను. పసిబిడ్డలకు కాచే నూనెలో పడవ మేకు వేస్తారు. మైపాడులో విరిగిపోయిన పాత పడవలోంచి మా అత్త పుట్టింటివాళ్లు పీకి తెచ్చింది అది. సముద్రం మీద తిరిగొచ్చిన ఇనుముకు ఏ కన్నూ తగలదని వాళ్ల నమ్మకం. నూనె కాగేటప్పుడు కుండలో ఉంటుంది, తరవాత జాడీ అడుగున ఉంటుంది, జాడీ ఖాళీ అయ్యాక మళ్లీ చూరులోకి పోతుంది.

ఆడబిడ్డ మెట్టు మీదనుంచి లేచింది.

"అమా, ఏందది?"

"మేకు."

"ఎందుకు ఏసినావు?"

"పసిదాని మాడుకు పెట్టే నూనె. నాలుగిళ్ల వాళ్లు వచ్చి చూసి పోతారు. దిష్టి తగలొద్దా?"

"నాకు కాచినప్పుడు ఏసినావా?"

అత్త గరిటె తిప్పుతూనే ఉంది. "నీకెందుకు? నువ్వు కాల్చేదే గదా. కాల్చే నూనెకు దిష్టేందే?"

ఆడబిడ్డ గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు భయం వేసింది.

"ముందు నేను సీసాలో తీసకపొయింది?"

"అది మేస్త్రీ కూతురికి కాన్పయినప్పుడు కాచింది. మిగిలింది జాడీలో ఉండె. మేకు కూడా దాంట్లోనే ఉండె, నేను తీయలా."

"మరి సారు అడిగితే చెప్పలేదేం?"

"ఏం కలిపినారని అడిగినాడు," అంది అత్త. ఆమెకు ఇంకా విషయం తెలియలేదు, ఆ మాటతో పాత పౌరుషం మళ్లీ వచ్చింది. "మేకు ఎవురన్నా నూనెలో కలుపుతారా? ఏసింది ఏసినట్టు బయటికి తీస్తిమి గదా."

ఏసింది ఏసినట్టు రాలేదు. ఆ సాయంత్రం నూనె దించాక ఆమె ఆ మేకును గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూసింది. నేనూ చూశాను. నేను వచ్చిన కొత్తలో ఆ మేకు తల గుండ్రంగా, బిళ్లలా ఉండేది. ఇప్పుడు అంచులు తినేసి, ఒళ్లంతా గుంటలు పడి, చివర దబ్బనంలా అయిపోయింది. ఇన్నేళ్లుగా మా ఊరి పసిబిడ్డల నూనెలోకి కొంచెం కొంచెంగా కరిగిపోతూ ఉంది అది. కాగే నూనెకు ఇనుమును పట్టుకునే గుణం ఉందని, పట్టుకున్నది కంటికి కనపడకుండా నూనెలోనే కలిసిపోతుందని ఆమె చెప్పింది. చెప్తూ చెప్తూ అక్కడే నేల మీద కూర్చుంది.

ఆ నూనె కొంచెం అడిగి తీసుకుపోయింది. మేకును తీసుకుపోలేదు. కొత్త గొట్టంలో కాల్చింది. మద్రాసు వంతు వచ్చింది. వలలు వచ్చాయి, మొదటిసారి కంటే దట్టంగా. ఈసారి ఫోను చెయ్యలేదు. శనివారం వచ్చి ఫోటో నాకు చూపించి చెప్పుల స్టాండు పక్కన నిలబడింది, లోపలికి కూడా రాలేదు.

నేను ఏమన్నానో దాచను. ఎవరికీ చెప్పొద్దన్నాను. ఇప్పటికీ అందులో తప్పేముందో నాకు పూర్తిగా తెలియదు. వాళ్లు ఏమడిగారు, మళ్లీ చేసి చూపించమన్నారు. చేసింది. కొత్త గొట్టంలోనే చేసింది. ఫోటో పంపితే అయిపోతుంది. పేపరు వస్తుంది, గడువులోపల పుస్తకం అవుతుంది, రెండేళ్లుగా ఈ ఇంట్లో లేని నవ్వు మళ్లీ వస్తుంది. మా అత్త చూరులో ఏముందో ఎవడు వచ్చి చూస్తాడు?

"ఆ నూనెలో ఇనుము కొంచెం ఉండాదని రాస్తే పోలా?" అన్నాను. "మన ఇండ్లల్లో ఆముదమంటేనే మేకుతో కాచింది. ఇంట్లో కాచిన ఆముదం అని రాయి. అబద్ధం కాదు గదా."

"చెట్టు నూనెతో మాత్రమే అని రాసుండా వదినా. పేపరు పేరే అది."

"పేరు మార్చు."

"మారిస్తే ఇంక దాంట్లో ఏముండాది? ఇనుముతో గొట్టాలొస్తాయని అందరికీ తెలుసు."

మా ఆయన గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. ఆయన ఎప్పుడూ చెల్లెలి పక్షం. ఆ రోజు మాత్రం ఏ పక్షమూ తీసుకోలేదు. గడువు ఇంకెంత ఉందని ఒక్కటే అడిగాడు. రెండు నెలలు కూడా లేదంది. ఆయన లేచి గుంటల దగ్గరికి పోయాడు.

నేను వదల్లేదు. రుబ్బిన భుజాలు నావి, తోసేసిన కంచాలు ఎత్తింది నేను. నాకు ఆ మాత్రం హక్కు లేదా? చప్పట్లు కొట్టినవాళ్లు ఇప్పుడు వచ్చి ఓదారుస్తారా అన్నాను. నువ్వు మోసం చేశావా, నీకు తెలిసి చేశావా అన్నాను. చాలా అన్నాను. ఆమె అంతా విని ఒక మాట అంది.

"నా పేపరు చదివి యాడో ఒక ఊర్లో ఇంకో పిల్ల మొదలు పెడతాది వదినా. ఉత్త ఆముదంతో. వాళ్లమ్మ చూరులో మేకు ఉండదు. ఆ పిల్లకు ఏండ్లకేండ్లు ఉండలే వస్తాయి. వాళ్ల వదిన రుబ్బతానే ఉంటాది."

ఆ మాట వింటే కోపం తగ్గాలి గదా, నాకు ఇంకా పెరిగింది. ఎవరో తెలియని పిల్ల కోసం, ఎవరో తెలియని వదిన భుజాల కోసం మా ఇంటి పిల్ల తన చదువు తగలబెట్టుకోవాలా? ఆ రాత్రి అన్నం పెట్టి పక్కన కూర్చోకుండా పోయి పడుకున్నాను.

అత్తకు సంగతి అర్థమయ్యేలా చెప్పింది మా ఆయన. చెప్పకుండా ఉంటే బాగుండేది. ఆమె అప్పట్నించీ పొయ్యి దగ్గరికి రావడం తగ్గించింది. గైడు సారు దగ్గరికి నన్నే తీసుకుపోండి, చేసింది నేనని చెప్తాను, పిల్లను ఏమీ అనొద్దని కాళ్లు పట్టుకుంటాను అంది. ఎవరూ ఏమీ అనరు అత్తా, ఇది పోలీసు కేసు కాదు అంటే వినదు. బిడ్డల మేలు కోసం వేసిన మేకు తన బిడ్డకే అడ్డం తగిలిందని ఆమె దిగులు. ఆమెను తిట్టడానికి కూడా నోరు రాదు. గైడు సారును తిడదామంటే ఆయన అడగాల్సింది అడిగాడు. పేపరు చూసినవాళ్లను తిడదామంటే వాళ్లు అడిగింది న్యాయమే. ఇంత నష్టం జరిగితే తిట్టడానికి ఒక్క మనిషి దొరక్కపోవడం ఎంత కష్టమో పడితేగానీ తెలియదు.

సోమవారం ఆమె పోయి సారుకు చెప్పేసింది. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చింది, సోమవారం రావడం ఎప్పుడూ లేదు. ఆటో దిగి నేరుగా వంటింట్లోకి వచ్చి పీట వేసుకుంది. అన్నం పెట్టి, చేపల పులుసు పోశాను. తింది. కంచం తోయలేదు. తింటూ అక్కడ జరిగింది చెప్పింది.

సారు అంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడంట. తరవాత మేకు ఎంత పాతదని అడిగాడంట. ఆ మీటింగువాళ్లకూ పేపరువాళ్లకూ తనే రాస్తానన్నాడు, నువ్వు రాయొద్దు, తప్పు నాది కూడా, ఆ ఇనుము ఛాయను నేనే కొట్టిపారేశాను అన్నాడు. పేపరు వెనక్కి తీసేసుకుంటున్నారు. అధ్యాయం పోతుంది. పుస్తకం మొత్తం పోకుండా ఉండాలంటే ఒక్క దారి ఉందన్నాడు. ఇనుము లేకుండా కాచిన ఆముదం, ఇనుము తూచి వేసి కాచిన ఆముదం, రెండూ పక్కపక్కన చేసి, ఎంత ఇనుము నూనెలోకి దిగుతుందో, ఎంత దిగితే ఎన్ని గొట్టాలు మొలుస్తాయో చూపించాలి. కొత్త సంగతి కాదు, చిన్న సంగతి. దానికి ఎవరూ లేచి చప్పట్లు కొట్టరు. పాసు చేస్తారో లేదో కూడా చెప్పలేనన్నాడు. గడువు మాత్రం మారదు.

"గింజలు మాత్రం మన గట్టువే కావాలంట," అంది. "ముందు చేసిందీ వాటితోనే గదా. అంగడివి తెస్తే మళ్లీ లెక్క కుదరదు. రేపే మొదలు పెడదాం వదినా. ఈసారి నేను రుబ్బతా."

నేను పులుసు గిన్నె దించి అక్కడే పెట్టేశాను.

గింజలు లేవు. పెద్దమామ మనవరాలికి కాచినప్పుడే డబ్బా అడుగు ఊడ్చి వేయించాం. బోరు నీళ్లనీ కాలవ నీళ్లనీ, ఎక్కువ వేపనీ తక్కువ వేపనీ, ఉన్న గింజలన్నీ ఆ ఉండలకే తగలేశాం. ఆ మాట చెప్పాను. ఆమె చెయ్యి కడుక్కుని లేచింది, టార్చి కూడా తీసుకోలేదు. ఇంకా వెలుతురు ఉంది. నేను కొంగు బిగించి వెనకాలే పోయాను. పొద్దున ఆమె ఆటో ఎక్కేదాకా మాటలు లేవు మా ఇద్దరికీ, అయినా ఆమెను ఒక్కదాన్నే పంపబుద్ధి కాలేదు.

గట్టు మీద సముద్రపు గాలి ఆ చెట్ల ఆకులను వెనక్కి తిప్పి కొడుతోంది. ఆమె ఒక్కో గెలా వంచి, ముళ్ల కాయలను వేళ్లతో నొక్కి చూసింది. ఈ చివర్నించి ఆ చివరిదాకా చూసింది. ఒకటి గిల్లి నా చేతిలో పెట్టింది. లోపల గింజ ఇంకా తెల్లగా, పాలు కారుతూ ఉంది.

"ఎంత కాలం పడతాది?" అంది.

ఎండను బట్టి, గాలిని బట్టి ఉంటుందన్నాను. ఇంకేం చెప్పను? కాయ పచ్చిది.